విప్పని మడత

కనకమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తిరుపతి లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఇక్కడ చెప్పిన మాట బయటికి పోతదా బిడ్డా?" అని అడిగింది.

"పోదమ్మా," అంది ఉదయలక్ష్మి. "పోయేదైతే ఈపాటికి నేను దుకాణం కట్టేసుకునేదాన్ని. ముందు కూర్చోండి."

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కుని డిటెక్టివ్ ఉదయలక్ష్మి బోర్డు ఒకటుంది. వెతికినవాళ్లకే కనపడుతుంది. ఆవిడది గుడివాడ. ఇక్కడికొచ్చి పాతికేళ్లయినా యాస మాత్రం అక్కడే ఉండిపోయింది. మొదట్లో అన్నీ పెళ్లికొడుకుల విచారణలే వచ్చేవి. ఇప్పుడు ఇళ్ల విచారణలూ ఎక్కువయ్యాయి. రెండింటికీ పెద్ద తేడా లేదంటుంది ఆవిడ. పైపై సున్నం చూసి మురిసిపోకూడదు, ఇరుగుపొరుగుని అడగాలి, తొందరపెట్టేవాణ్ణి అసలు నమ్మకూడదు. ఆవిడ దగ్గర పనిచేసే తిరుపతిది నల్గొండ పక్క పల్లె. మేడం తేరిపార చూస్తే గోడ కూడా నిజం చెబుతుందని అతని గట్టి నమ్మకం.

కనకమ్మ కూర్చుని, నీళ్లు తాగి, మెల్లగా చెప్పుకొచ్చింది.

వాళ్లది పోచంపల్లి. భర్త కోదండం మగ్గం నేసి సంపాదించిన దానితో మూసారాంబాగ్‌లో చిన్న ఇల్లు కొన్నాడు. మూడేళ్ల కింద పోయాడు. కూతురు రజిత పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయింది. కొడుకు శ్రవణ్‌కుమార్‌కి ఎల్బీనగర్‌లో చీరల దుకాణం ఉంది. దుకాణానికీ, మనవడి బడికీ దగ్గరవుతుందని అందరూ కలిసి మన్సూరాబాద్ వెళ్లిపోదామనుకుని, పాత ఇల్లు అమ్మకానికి పెట్టారు. సాయినాథ్, రమ్య అనే జంటకు ఇల్లు నచ్చింది. అంతా కుదిరిందనుకునే వేళకి సాయినాథ్ వకీలు అసలు దస్తావేజు చూపించమన్నాడు. ట్రంకుపెట్టెలో కవరు తీసి చూస్తే జిరాక్సులే ఉన్నాయి. అసలు లేదు.

"ఆ పెట్టె ఎవరెవరు తెరిచారు?"

"తాళంచెవి నా మొలలనే ఉంటది. జిరాక్స్ తియ్యనీకి నా కొడుకు ఒక్కడే తెరిచిండు." కనకమ్మ కళ్లు దించుకుంది. "మంచోడే బిడ్డా. గని దుకాణం పెట్టెటప్పుడు ఒకపారి చెప్పకుండ నా గాజులు కుదువ పెట్టిండు. మల్ల తెచ్చిచ్చిండు, కాళ్ల మీద పడ్డడు. ఇప్పుడు గూడ గట్లనే చేసిండేమో అని నా పాడు మనసుకు అనిపిస్తున్నది."

"అతన్ని అడిగారా?"

"ఎట్ల అడుగుత? తియ్యలేదంటడు. నేను నమ్మకపోతే ఎట్ల?"

ఉదయలక్ష్మి నీళ్ల గ్లాసు మళ్లీ ఆమె వైపు జరిపింది.

"కాయితం దొరకకున్నా మంచిదే. నా కొడుకు తియ్యలేదని ఒక్క మాట చెప్పు బిడ్డా. ఆదివారం వాళ్లు వస్తున్నరు. అసలు చూపియ్యకుంటే బేరం లేదంటున్నరు. మేము యాడనో కుదువ పెట్టి నాటకమాడుతున్నమని ఆ పిలగానికి అనుమానం."

"ఆ అనుమానం న్యాయమైనదే. అసలు కాగితాలు పోయాయంటే నేను కూడా ముందు అదే అనుకుంటాను," అంది ఉదయలక్ష్మి. "రేపు మీ ఇంటికి కొనేవాళ్లలాగా వస్తాం. నన్ను ఎరగనట్టే ఉండండి."

ఆమె వెళ్లాక తిరుపతి అడిగాడు. "రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఈసీ తీపియ్యాల్నా మేడం?"

"తీయించు. ఇంటి మీద బ్యాంకు అప్పు రిజిస్టరై ఉంటే అందులో తెలుస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర చేతిబదులుగా కాగితం పెట్టి ఉంటే తెలియదు. కాబట్టి ఈసీ బాగున్నా శ్రవణ్ మీద అనుమానం సగమే తీరుతుంది. మిగతా సగం మనమే చూడాలి."

మర్నాడు మూసారాంబాగ్‌లో కోడలు ప్రసన్న వాళ్లకి ఎదురొచ్చింది. దవాఖానలో పని చేస్తుంది, ఆ రోజు సెలవు. ఆమె వెనక నిలబడ్డ కనకమ్మ ఎరగనట్టు నటించబోయి, అవసరానికి మించి ఎరగనట్టు మొహం పెట్టింది. ముందుగదిలో నేల మధ్య కొంత మేర కొత్త సిమెంటు ఉంది. ఒకప్పుడు అక్కడ మగ్గం గుంట ఉండేదని, మామ పోయినప్పుడు పూడ్చామని ప్రసన్న చెప్పింది.

"గోడలకి రంగేస్తే చెమ్మ కనపడదు," అంది ఉదయలక్ష్మి. "గోడ అల్మారాలు తీసి చూడాలి. వాటి లోపల ఎవరూ రంగెయ్యరు."

ప్రసన్న ఒక్కొక్కటే తెరిచింది. చివరిదాని దగ్గర ఆగింది. "ఇది మా మామది. అత్తమ్మ ఎవ్వర్ని ముట్టనియ్యది."

కనకమ్మే వచ్చి తెరిచింది. అడుగు అరలో మూడు చోట్ల వేపాకు పరిచి ఉంది. ఒకదాని మీద మడత పెట్టిన పంచె, ఇంకోదాని మీద తువ్వాలు ఉన్నాయి. నడుమ ఆకు మాత్రమే ఉంది, బట్ట లేదు.

"ఆకు మార్చుతది గని, మడతలు విప్పది. మామ చేతి మడతలంట," అని ప్రసన్న నెమ్మదిగా చెప్పింది.

కాసేపటికి అత్తాకోడళ్లిద్దరూ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లని ఏ గదిలోనూ ఒంటరిగా వదలకండని ఉదయలక్ష్మి తన దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతుంది. ఎందుకు చెబుతుందో ఆవిడే చేసి చూపించింది. గోడ తడిమే వంకన తువ్వాలు కొద్దిగా కదిపింది. మడతలోంచి చేనేత సంఘం కార్డు ఒకటి జారింది. కోదండం ఫొటో ఉన్న కార్డు. ఆవిడ దాన్ని ఎలా ఉన్నది అలాగే లోపలికి తోసేసింది. తిరుపతి నోరు తెరవబోతే కళ్లతోనే వద్దంది.

బయల్దేరుతుంటే ప్రసన్న కుంకుమ భరిణె, జాకెట్ ముక్క పట్టుకొచ్చింది. "మొదటిపారి ఇంటికొచ్చిన ఆడామెను ఉత్త చేతులతోటి పంపం మేడం," అని బొట్టు పెట్టింది. తర్వాత దిగులుగా అంది. "రమ్య వాళ్లు వచ్చిన శుక్రవారం నాకు డ్యూటీ ఉండె. పాపం, ఆమె బొట్టు లేకుండనే పోయినట్టుంది. అప్పటిసంది అన్నీ అడ్డాలే."

"ఆ రోజు ఎవరూ పెట్టలేదామ్మా?" అని ఉదయలక్ష్మి కనకమ్మను అడిగింది.

"కోడలు ఇంట్ల లేదు గద," అని కనకమ్మ పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్లిపోయింది. పాలు అప్పటికే చాయ్‌లో కలిసి వాళ్ల కడుపుల్లో ఉన్నాయి.

వీధిలోకి వచ్చాక తిరుపతి ఆ జాకెట్ ముక్కను చూసి నవ్వాడు. "ఇది ఎన్ని ఇండ్లు తిరిగొచ్చిందో మేడం. మా ఇంట్లకెళ్లి ఒకటి పోయి, కాలనీ అంత తిరిగి, మల్ల మా ఇంటికే వచ్చింది. ఎవ్వరన్న విప్పి చూస్తే గద."

"అవును, ఎవరూ విప్పరు," అని ఉదయలక్ష్మి దాన్ని సంచిలో పెట్టుకుంది.

అక్కణ్ణించి ఎల్బీనగర్ వెళ్లారు. శ్రవణ్‌కుమార్ దుకాణం చిన్నదే అయినా పొందికగా ఉంది. ఇల్లు చూసి వచ్చామనీ, నచ్చిందనీ, కావాలంటే ఇప్పుడే కొంత అడ్వాన్సు ఇస్తామనీ ఉదయలక్ష్మి అంది. ఒప్పుకుంటాడేమోనని తిరుపతి ఊపిరి బిగబట్టాడు.

"వద్దు మేడం. ముందు ఒకళ్లకు మాటిచ్చినం. పైగా అసలు దస్తావేజు కనపడ్తలేదు. అది దొరికేదాంక ఎవ్వరి దగ్గర పైస తీసుకోను."

"మరి ఇప్పుడు మీ దగ్గర ఏముంది?"

అతను ట్రంకుపెట్టెలో దొరికిన కవరును బల్ల సొరుగులోంచి తీసి చూపించాడు. కాగితాలు పసుపుపచ్చగా మారి, అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. "ఇదే అసలనుకుని జిరాక్స్ తీపిచ్చి సాయినాథ్ వాళ్లకిచ్చిన. సరిగ వస్తలేదని షాపోడు గులిగిండు. ఇది గూడ జిరాక్సే అని నాకు తెల్వలే. వకీలు చూసి చెప్తే తెలిసింది."

బల్ల పక్కన బజ్జీల పొట్లం ఉంది. ఉదయలక్ష్మి దానివైపు చూసింది. "మధ్యాహ్నం భోజనం ఇదేనా బాబూ? ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకోవా?"

అతను కాసేపు చీర మడత సర్దాడు. "ఇంట్ల తింటలేను మేడం. మా అమ్మ అన్నం పెడ్తది, మొకం తిప్పుకుంటది. నేనే తీసిన్ననుకుంటున్నదని తెలుసు. అడిగితే చెప్త. అడగది. గిదంత మీకెందుకు చెప్తున్ననో."

దుకాణం దిగాక తిరుపతి వెనక్కి తిరిగి చూశాడు. "ఈ పిలగాడు తియ్యలే మేడం."

"నాకూ అలాగే ఉంది. కానీ ఆవిడకి కావలసింది మన మనసు కాదు, రుజువు."

సాయంత్రానికి ఈసీ వచ్చింది. ఇంటి మీద ఏ అప్పూ లేదు. దాన్ని సంచిలో వేసుకుని మీర్‌పేట్‌లో సాయినాథ్ అద్దె ఇంటికి వెళ్లారు. సాయినాథ్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు. జాగ్రత్తపరుడు. ఉదయలక్ష్మి తానెవరో ఉన్నదున్నట్టు చెప్పాక గానీ లోపలికి రానివ్వలేదు.

"తప్పు పట్టకున్రి మేడం. ఊర్ల పొలం అమ్మి కొంటున్న ఇల్లు. ఇది పోతే మల్ల మాకు ఇల్లు లేదు."

"తప్పేముంది, మంచి పని చేశారు. అడ్వాన్సు మాట్లాడకముందే అసలు అడిగి ఉంటే ఇంకా మంచి పని అయ్యేది. కోదండంగారి కూతురు కూడా ఉంది, రజిత. ఆ అమ్మాయి సంతకం కూడా పెట్టించుకోండి. పెళ్లయి వెళ్లిందని వదిలేస్తే రేపు చిక్కు వస్తుంది. ఆ రోజు ఏమేం చూశారో చెప్పండి."

సాయినాథ్ ఫోన్ తెరిచాడు. నాలుగు గోడలు, కుళాయిలు, మీటరు, మిద్దె మీద ట్యాంకు, అన్నీ ఫొటోలు తీశాడు. మొదటి ఫొటోలో రమ్య గేటు ముందు నిలబడి ఉంది, నుదుట చిన్న నల్ల స్టిక్కరుతో. ఆఖరి ఫొటోలోనూ అదే గేటు ముందు, స్టిక్కరు కింద ఎర్రటి కుంకుమతో నిలబడి ఉంది. ఉదయలక్ష్మి ఆ రెండింటినీ మళ్లీ మళ్లీ చూసింది.

"మీరు మిద్దె మీద ఉన్నప్పుడు రమ్య ఎక్కడుంది?"

"కింద ఆ పెద్దమ్మ తోటి ఉంది."

"వచ్చేటప్పుడు బొట్టు పెట్టి పంపారా అమ్మా?" అని రమ్యను అడిగింది.

రమ్య భర్తవైపు చూసి, గోడవైపు చూసి, "వాళ్ల కోడలు ఇంట్ల లేకుండె," అంది.

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. అదే ప్రశ్నకి కనకమ్మ కూడా ఇదే జవాబు చెప్పిందని తిరుపతికి గుర్తొచ్చింది గానీ, దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు. గుమ్మం దాటేటప్పుడు ఉదయలక్ష్మి రమ్యను పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

ఆదివారం పొద్దున మూసారాంబాగ్ ఇంటి ముందుగదిలో అందరూ చేరారు. పూడ్చిన మగ్గం గుంట చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. శ్రవణ్‌కుమార్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రమ్య ఒళ్లో చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఉదయలక్ష్మి తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది.

శ్రవణ్ తల్లివైపు చూశాడు. "నా మీద డిటెక్టివ్‌ను పెట్టినవా అమ్మా?"

"లేదు బాబూ," అంది ఉదయలక్ష్మి. "మీ మీద రుజువు కోసం రాలేదావిడ. మీరు తియ్యలేదని ఎవరైనా అంటే విందామని మెట్లెక్కి వచ్చింది. అది వేరు. ఇప్పుడు వినండమ్మా. మీ అబ్బాయి తియ్యలేదు."

కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పెట్టెలో అసలు దస్తావేజు లేనే లేదు. ఉన్నది పాత జిరాక్సు. కోదండంగారు బతికుండగానే తీయించి పెట్టినది. రంగు చూస్తేనే తెలుస్తోంది. లోపల ఏదైనా ఉంటే కదా, ఇతను తియ్యడానికి. మరి అసలు ఆయన ఎక్కడ దాచారు? ఇనప్పెట్టెను నమ్మే మనిషి కాదాయన. నేతపనివాడు, బట్టను నమ్మాడు."

ఆవిడ అల్మారా తెరిచి తువ్వాలు తెచ్చి కనకమ్మ ఒళ్లో పెట్టింది. "విప్పండి."

కనకమ్మ చాలాసేపు దాన్ని నిమిరింది. తర్వాత విప్పింది. సంఘం కార్డు బయటపడింది. పంచె విప్పితే పెళ్లినాటి కనకమ్మ ఫొటో బయటపడింది.

"నడుమ ఇంకోటి ఉండాలి. వేపాకు ఉంది, బట్ట లేదు. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఎలా పోయిందో కూడా తెలుసు." ఉదయలక్ష్మి గొంతు తగ్గించింది. "కానీ ఆ మాట చెప్పే హక్కు నాది కాదు. చెప్పవలసినవాళ్లు చెబితే సరే. లేకపోతే నేను ఇక్కడితో ఆపేస్తాను. నన్ను అడిగిన దానికి జవాబు చెప్పేశాను."

ఇలా కథ కొసదాకా వచ్చి మేడం ఆగిపోవడం తిరుపతి ఎన్నడూ చూడలేదు. రమ్య సంచి మీద చెయ్యి వేసింది, కానీ తెరవలేదు. కనకమ్మ కొడుకు మొహం చూసింది. అతను ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నేనే ఇచ్చిన," అంది కనకమ్మ.

అందరూ అటు తిరిగారు.

"ఆ పిల్ల పోయెటప్పుడు బొట్టు పెట్టున్రి అన్నది. కోడలు లేదు బిడ్డా అన్న. మీరే పెట్టున్రి అన్నది. నేను పెట్టరాదమ్మా అన్న. మా అమ్మకు గూడ నాయిన లేడు, మా ఇంట్ల మా అమ్మ చేతనే పెట్టిచ్చుకుంటం అన్నది." ఆమె రమ్యవైపు చూసింది. "ఆయన పోయిన కాడికెళ్లి ఆ భరిణె ముట్టలే నేను. పెట్టిన. ఉత్త చేతులతోటి ఎట్ల పంపుదు? ఆయన ఆఖరికి నేసిన పట్టు రవిక గుడ్డ ఉండె. నాకని నేసిండు. నేను కుట్టిచ్చుకోకముందే పోయిండు. నడుమ అట్ట ఉన్నట్టుండె, అది గూడ విప్పి చూడలే. అదే ఇచ్చిన. ఎవ్వరికి చెప్పకు బిడ్డా అని ఒట్టు పెట్టిచ్చుకున్న. భర్త లేనిదాని చేత బొట్టు పెట్టిచ్చుకున్నది, అందుకే ఇల్లు అచ్చిరాలే అని రేపు ఆ పిల్లను అంటరని భయపడ్డ."

"అయ్యో అత్తమ్మా," అంది ప్రసన్న.

రమ్య సంచి తెరిచింది. అందులోంచి పసుపు రాసిన గుడ్డలో చుట్టిన చిన్న మడతను తీసింది. ఎరుపు, నీలం కలగలిసిన పోచంపల్లి పట్టు.

"జాకెట్ ముక్కలు వస్తయి, మల్ల ఎవరికో ఇస్త. ఇది మాత్రం ఇయ్యబుద్ధి కాలే," అంది. "ఆమె కండ్లల నీళ్లు చూసిన. దేవుని దగ్గర పెట్టిన. గృహప్రవేశం నాడు కుట్టిచ్చుకుని తొడుక్కుందామనుకున్న. లోపల కాయితం ఉండొచ్చు, తీస్కరమ్మని మొన్న మేడం చెప్పినంక గూడ విప్పలే. మీరే విప్పున్రి అమ్మా."

కనకమ్మ విప్పింది. అది భర్త చేతి ఆఖరి మడత. ఒక్కొక్క మడతా విప్పి, చేత్తో చదును చేసి, తర్వాతది విప్పింది. నడుమ అట్టకి బదులు స్టాంపు కాగితాలు ఉన్నాయి. కోదండం పేరు, ముద్రలు, వేలిముద్ర, అన్నీ ఉన్నాయి.

సాయినాథ్ అందుకుని చదివాడు. చదివి తల వంచుకున్నాడు. "మిమ్మల్ని దొంగలనుకున్న పెద్దమ్మా. మీ ఇంటి కాయితం మా దేవుని కాడనే పెట్టుకొని."

"అనుకోవాలి," అంది ఉదయలక్ష్మి. "ఇల్లు కొనేవాడు మొహమాటపడకూడదు. అయినా కాగితం మీ దగ్గరే ఉందని తేలాక ఇంక మీకు అనుమానం ఎవరి మీద?"

అందరూ నవ్వారు, ఇద్దరు తప్ప. కనకమ్మ లేచి కొడుకు దగ్గరికి వెళ్లింది.

"నిన్ను అనుమానించిన కొడుకా."

"గాజులు తీసుకపోయింది నేనే గదమ్మా," అన్నాడు శ్రవణ్. "కాకపోతే నువ్వు అడగాలె. తిట్టాలె. గట్ల మొకం తిప్పుకుంటే నేనెట్ల ఉండాలె?"

ఆమె అతని చెంప నిమిరింది.

రమ్య ఆ పట్టు గుడ్డను కనకమ్మకి తిరిగి ఇవ్వబోయింది. కనకమ్మ తీసుకుని, పాత మడతల మీదే మళ్లీ మడిచి, రమ్య చేతిలోనే పెట్టింది. "ఇచ్చింది ఇచ్చిన. గృహప్రవేశానికి తొడుక్కో."

వచ్చినవాళ్లు లేచారు. ప్రసన్న అలవాటుగా లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. రమ్య నుదుటి దాకా చెయ్యి చాపి ఆగింది. వెనక్కి తిరిగి భరిణెను అత్తగారి చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టు అత్తమ్మా. అందరి ముందల పెట్టు."

కనకమ్మ కొడుకువైపు, కోడలివైపు చూసింది. వేలు కుంకుమలో ముంచింది. రమ్యకు పెట్టింది, ప్రసన్నకు పెట్టింది. పూజలూ నోములూ అంటే ఆమడ దూరం పోయే ఉదయలక్ష్మి తానూ వచ్చి నుదురు వంచింది. తిరుపతి మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వీధిలో స్కూటర్ దగ్గర అతనికి మళ్లీ మాట వచ్చింది. "మేడం, మొన్న ప్రసన్నమ్మ మీకిచ్చిన జాకెట్ ముక్క విప్పి చూసిన్రా?"

"అదే రోజు రాత్రి చూశాను. లోపల అట్టముక్క తప్ప ఏమీ లేదు," అంది ఉదయలక్ష్మి. "పద."

తిరుపతి తాళంచెవి తిప్పబోయి ఆగాడు. తెరిచి ఉన్న కిటికీలోంచి శ్రవణ్‌కుమార్ గొంతు వినపడింది.

"అమ్మా, ఆకలైతున్నది. అన్నం పెట్టు."